సూది కన్నా ముందు మాట

సిలిగురిలో సిక్కిం ప్రభుత్వ బస్టాండు దగ్గర జీపులు పదిమంది నిండితే గానీ కదలవు. రావంగ్లా వెళ్ళే జీపులో తొమ్మిదిమందిమి చాలాసేపు కూర్చున్నాం. చివరికి పదో మనిషికి బదులు రెండు ఉల్లిపాయల బస్తాలూ, ఒక ఇన్వర్టర్ బ్యాటరీ ఎక్కాయి. డ్రైవరు వాటికీ సీటు లెక్క కట్టుకుని బండి తీశాడు.

2024 నవంబరు. సేవక్ దాటాక కుడి పక్కన తీస్తా నది తోడొచ్చింది. ఆ ఏడు వానాకాలమంతా చరియలు విరిగిపడి మాటిమాటికీ మూతపడిన రోడ్డది. తీస్తా బజార్ దగ్గర ఒడ్డునున్న ఇళ్ళ కింది అంతస్తులు ఇంకా ఇసుకలో కూరుకునే ఉన్నాయి. అంతకు ముందటేడు అక్టోబరు మొదటి వారంలో, ఓ రాత్రి, ఎక్కడో పైన హిమానీనదం కింది దక్షిణ ల్హొనాక్ సరస్సుకు గండిపడింది. ఆ నీరు చుంగ్‌థాంగ్ ఆనకట్టను ఊడ్చుకుంటూ ఈ ఊళ్ళ మీదుగా పోయింది. కిటికీకి అతుక్కుపోయి చూస్తున్నది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళకు అది రోజూ చూసేదే.

నా పక్కన కూర్చున్నది పెద్ద యాలకుల వ్యాపారి. రంగ్‌పో చెక్‌పోస్టు వచ్చేసరికి మాట కలిపాడు. “చెర్రీ పూలు చూడ్డానికా?” అన్నాడు. నవంబరులో తేమీ తేయాకు తోటల్లో చెర్రీ చెట్లు గులాబీ రంగులో పూస్తాయి. అవి చూడటానికి వచ్చేవాళ్ళు చాలామందే. వాటితో పాటు ఇంకొకటి కూడా అని, నా హైదరాబాదీ హిందీలో సంగతి చెప్పాను. ఆడపిల్లలకు మీ రాష్ట్రంలో 2018లో ఒక టీకా వేశారు కదా, దాని గురించి కొందరితో మాట్లాడాలని వచ్చాను.

ఆయన నవ్వాడు. “మా పెద్దమ్మాయికీ వేశారు. వేయించే ముందు మా ఆవిడ బడికి పోయి మాస్టరుతో గంటసేపు పోట్లాడింది. ఆమెతో మాట్లాడితే మీకు బోలెడంత దొరికేది. కానీ ఇప్పుడు పుట్టింటికి వెళ్ళింది.”

ఆ పోట్లాట కోసమే నేనంత దూరం వెళ్ళాను.

సంగతి ఇది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా ఆడవాళ్ళకు వస్తోంది. దాదాపు 80 వేల మంది దానితో చనిపోతున్నారు. దీనికి కారణం హెచ్‌పీవీ అనే వైరస్. అందులో చాలా రకాలున్నా, 16, 18 నంబర్ల రకాలు రెండే పదిలో ఏడు క్యాన్సర్లకు మూలం. వైరస్ ఒంట్లో చేరాక టీకా దాన్ని వెళ్ళగొట్టలేదు. చేరకముందే వేయాలి. అందుకే తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు వేస్తారు. సిక్కిం 2018లో తొమ్మిది నుంచి పదమూడేళ్ళ ఆడపిల్లలను, సుమారు 25 వేల మందిని లెక్కించి, నూటికి 95 మందికి పైగా తొలి డోసు వేసింది. మరుసటి ఏడు రెండో డోసుకూ దాదాపు అంతమందీ వచ్చారు. ఒక రాష్ట్రం మొత్తాన్ని, అన్ని బళ్ళనూ, ఇన్ని వయసులనూ కలిపి ఈ టీకా వేయడం మన దేశంలో అదే మొదటిసారి.

సింగ్తాంలో సగం జీపు దిగిపోయింది. అక్కడి నుంచి రోడ్డు తీస్తాను వదిలి పైకెక్కుతుంది. తార్కు దాటాక చలి మొదలైంది. తేమీలో దిగేసరికి నాలుగున్నర, అప్పటికే చీకటి పడుతోంది. తూర్పు కొండల్లో పొద్దు మన కన్నా చాలా ముందే వాలిపోతుంది.

తేమీ తోట 1969లో ప్రభుత్వం వేసింది. కొండ వాలు మీద మెట్లు మెట్లుగా తేయాకు, దాని కిందుగా ఇళ్ళు. నేను దిగిన ఇంటావిడ నన్ను మొదటి పూట నుంచే ‘బైనీ’ అని పిలిచింది. చెల్లెలన్నమాట. నేనామెను దీదీ అన్నాను. రాత్రి అన్నంలోకి గుంద్రుక్ చారు పెట్టింది. ఆకుకూరను పులియబెట్టి ఎండబెట్టి దాచుకునే కూర అది. పొయ్యి దగ్గరే కూర్చుని తిన్నాం. ఆమె అత్తగారు ఒక మూల ఉన్ని శాలువా కప్పుకుని అంతా వింటోంది.

దీదీ కూతురు నామ్చిలో కాలేజీలో చేరింది. 2018లో ఆ పిల్లకు పదకొండేళ్ళు. సూది రోజు ఏం గుర్తుందని అడిగాను. “ఏమీ లేదు, చెయ్యి నొప్పెట్టింది” అంది. కాసేపాగి, అంతకు ముందటి వారాలు మాత్రం బాగా గుర్తున్నాయంది. పొద్దున ప్రార్థన సమయంలో మిస్ చెప్పడం, గోడ మీద బొమ్మ అతికించడం, క్లాసులో ఆడపిల్లల పేర్లూ పుట్టిన తేదీలూ రాసుకోవడం. మగపిల్లలు ‘మీకేదో జబ్బుంది’ అని ఏడిపించడం. అది విని హెడ్ సర్ మగపిల్లలను కూడా కూర్చోబెట్టి, ఇది మీ అమ్మలకూ అక్కలకూ రాగల జబ్బని చెప్పడం.

దీదీ దగ్గర కథ ఇంకో వైపు నుంచి ఉంది. బడి నుంచి కాగితం ఇంటికొచ్చింది. అత్తగారు వెంటనే వద్దంది. ఒంట్లో ఏ నలతా లేని పిల్లకు సూదేమిటి? రేపు దానికి పిల్లలు పుట్టకపోతే ఎవరు పూచీ? దీదీకీ భయమే. సిలిగురిలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది. అక్కడ మందుల షాపులో ఇదే సూది వేల రూపాయలని అతను చెప్పాడు. దాంతో భయం ఇంకా పెరిగింది. వేల రూపాయల వస్తువు మనకు ఊరికే ఎందుకిస్తారు? బౌద్ధ గోంపాలో లామాను అడిగింది. ఆయన తన మీద వేసుకోలేదు. “బళ్ళో ఏమన్నారు?” అని తిరిగి అడిగాడు.

“అప్పుడు మీటింగుకు పోయాను” అంది దీదీ. “సగం ఊరు వచ్చింది. హెడ్ సర్, పంచాయతీ సభ్యుడు, మా సబ్ సెంటర్ సిస్టర్. నేను అనుకున్నవన్నీ నాకన్నా ముందే వేరేవాళ్ళు అడిగేశారు. నాకు పని లేకుండా పోయింది.”

మూలనుంచి అత్తగారు నేపాలీలో ఏదో అంది. కూతురు నవ్వుతూ హిందీలో చెప్పింది: నానమ్మకు ఇప్పటికీ నమ్మకం లేదట. మీటింగుకు తనను తీసుకెళ్ళలేదని కోపమట.

మర్నాడు సబ్ సెంటర్‌లో ఆ సిస్టర్ కలిసింది. మన దగ్గర ఏఎన్ఎమ్ అంటాం, ఊళ్ళో నర్సమ్మ అంటాం. పసిపిల్లలకు టీకాలు వేసే రోజు కాబట్టి తల్లులు వరండాలో ఎండకు కూర్చుని ఉన్నారు. నీలిరంగు వ్యాక్సిన్ డబ్బా మూత తీసి ఐస్ ప్యాకులు సర్దుతూ, రిజిస్టరులో రాసుకుంటూ, మధ్యమధ్యలో నాతో మాట్లాడింది.

సూది వేయడం అన్నిటికన్నా తేలిక అంది. ముందు బళ్ళ పని. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి తేడా లేకుండా ప్రతిచోటా ఒక టీచరుకు బాధ్యత ఇచ్చారు. హెడ్‌మాస్టర్లకు విడిగా కూర్చోబెట్టి చెప్పారు, ఎందుకంటే తల్లిదండ్రులు మొదట అడిగేది వాళ్ళనే. విలేకరులకు టీకా మొదలవక ముందే అన్నీ చెప్పారు. ఎవరికైనా ఒంట్లో బాగోక ఆసుపత్రికి వస్తే ఆ వార్త ఎలా చదవాలో వాళ్ళకు ముందే తెలిసి ఉండాలి. బడి మానేసిన పిల్లల పేర్లు ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి రాశారు. బళ్ళో వేసిన రోజు రాలేని వాళ్ళకు తర్వాత సబ్ సెంటర్‌లో వేశారు.

“మీటింగుల్లో కష్టమైన ప్రశ్న ఏది?” అని అడిగాను.

“ఆడపిల్లలకే ఎందుకు అని. మగపిల్లలకెందుకు వద్దు అని. ఒక తండ్రి లేచి, నా కూతురు మంచి పిల్ల, దానికి ఇది అక్కర్లేదు అన్నాడు.”

ఆ తండ్రికి ఏం చెప్పారు?

ఆమె పెన్ను పక్కన పెట్టింది. వరండాలోకి వినపడకుండా గొంతు తగ్గించింది. “అందరి ముందూ ఇది క్యాన్సర్ టీకా అనే చెప్పాం. అబద్ధం కాదు కదా. కానీ వైరస్ ఎలా అంటుకుంటుందని అడిగిన తల్లులకు దాచలేదు. మీటింగయ్యాక పక్కకు తీసుకెళ్ళి చెప్పాను. పెళ్ళయ్యాక భర్త నుంచి కూడా వస్తుంది, నీ కూతురు ఎంత మంచిదైనా వస్తుంది, అని. ఆ మాటకు ఎవరూ వెనక్కి పోలేదు. వాళ్ళ మగవాళ్ళు ఎక్కడెక్కడ పనులకు పోయి వస్తారో వాళ్ళకు తెలుసు.”

ఈ టీకా మగపిల్లలకూ పనిచేస్తుంది, కొన్ని దేశాల్లో వేస్తున్నారు కూడా. అయితే ఈ వైరస్ తెచ్చే క్యాన్సర్లలో చాలా భాగం గర్భాశయ ముఖద్వారానికే వస్తాయి. ఉన్న టీకాను ముందుగా ఆడపిల్లలకు వేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది అందుకే. ఆడపిల్లలకే ఎందుకన్నవాళ్ళకు సిస్టర్ చెప్పింది ఇదే. నా దగ్గరకొచ్చేసరికి ఇంకో మాట కలిపింది.

“గాంగ్టాక్ నుంచి డాక్టరు సాబ్ వస్తాడు, చక్కగా చెప్తాడు, సాయంత్రానికి జీపెక్కుతాడు. నేనెక్కడికి పోతాను? పిల్లకు జ్వరమొస్తే రాత్రి పదకొండింటికి నా తలుపే కొడతారు. రేషన్ షాపు దగ్గర నన్నే పట్టుకుంటారు. నేను సరేనంటే అందుకే వాళ్ళూ సరేనన్నారు.”

ఆ సాయంత్రం తేయాకు తోటలో చెర్రీ పూల కింద ఫొటోలు దిగుతున్న జనంలో రెండు తెలుగు కుటుంబాలు కనిపించాయి. విజయవాడ నుంచి ఒకళ్ళు, కరీంనగర్ నుంచి ఒకళ్ళు. మాటల్లో నేనెందుకు వచ్చానో చెప్పాను. కరీంనగర్ ఆయన వెంటనే, “మన భద్రాచలంలో పిల్లలు చనిపోయారు కదండీ, ఆ సూదేనా?” అన్నాడు. ఆయన మర్చిపోలేదు. తెలుగునాట ఈ టీకా పేరెత్తితే గుర్తొచ్చేది ఇదే.

2009 జులైలో, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి ఇదే జబ్బు రాకుండా ఇదే రకం టీకా వేశారు. అమెరికాకు చెందిన పాథ్ సంస్థ, మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. గుజరాత్‌లో వడోదర దగ్గర మరో కంపెనీ టీకాతో ఇలాంటిదే నడిచింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారు. సమా అనే మహిళా ఆరోగ్య బృందం 2010 మార్చిలో భద్రాచలం వెళ్ళి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడి వచ్చాక గొడవ పెద్దదైంది. ఏప్రిల్‌లో కేంద్రం మొత్తం ఆపించింది.

ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘం ఒక్కో మరణాన్నీ విడిగా చూసింది. ఒక పిల్ల నీళ్ళలో మునిగి, ఒక పిల్ల పాము కరిచి, ఇద్దరు పురుగుల మందు తాగి, ఒకరు మలేరియా ముదిరి చనిపోయారని తేల్చింది. మిగిలిన ఇద్దరి విషయంలోనూ టీకా కారణమయ్యే అవకాశం తక్కువంది. అంటే టీకా పిల్లలను చంపిందనడానికి ఆధారం లేదు. కానీ ఆ మాట నమ్మడానికి అప్పటికి ఎవరూ సిద్ధంగా లేరు. ఎందుకు లేరో పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఉంది. చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. 1,948 మీద వేలిముద్రలు.

ఆ అంకెలు చదివినప్పుడల్లా ఆశ్రమ పాఠశాలలు కళ్ళ ముందుకొస్తాయి. ఏజెన్సీలో కోయ పిల్లలు చదువు కోసం ఇల్లు వదిలి అక్కడే ఉంటారు. తల్లిదండ్రులు అడవి దాటి, వాగు దాటి ఎక్కడో గూడేల్లో ఉంటారు. టీకా వేసేవాళ్ళకు పిల్లలందరూ ఒక్కచోట దొరకడం సౌకర్యం. తల్లిదండ్రులు అక్కడ లేకపోవడం అంతకన్నా పెద్ద సౌకర్యమైపోయింది. అడిగేవాళ్ళు లేరు కాబట్టి ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని పడలేదు. వార్డెన్ పిల్లలకు అన్నం పెడతాడు, జ్వరమొస్తే మాత్ర ఇస్తాడు. అంతమాత్రాన ‘నా కూతురికి వేయండి’ అనే హక్కు అతనికి రాదు.

పిల్ల చనిపోయాక తండ్రి హాస్టలుకు పరుగెత్తుకొస్తాడు. అప్పుడు తెలుస్తుంది, నెలల క్రితం ఏదో సూది వేశారని. పాము కరిచిందని ఎంత పెద్ద డాక్టరు రాసిచ్చినా ఆ తండ్రి ఎలా నమ్ముతాడు? తనకు చెప్పకుండా చేసినవాళ్ళే ఇప్పుడు తమ తప్పు లేదని చెబుతున్నారు. ఆ టీకాకు అక్కడితో అయిపోయింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే కాదు, దేశం మొత్తంలో ఈ టీకా మాటే ఎత్తడానికి ప్రభుత్వాలు చాలా ఏళ్ళు వెనకాడాయి. ఆ ఏళ్ళలో పదమూడు దాటి పెళ్ళిళ్ళయి పోయిన పిల్లలెందరో.

నామ్చిలో నన్ను టీకి పిలిచిన రిటైర్డ్ హెడ్‌మాస్టరుకు ఈ కథ చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మాకు మంచి రోజులు. మావి చిన్న ఊళ్ళు” అన్నాడు. ఆ మాటలో నిజముంది. సిక్కిం జనాభా 2011 లెక్కల్లో ఆరు లక్షల పైచిలుకు. మన దగ్గర ఒక పెద్ద రెవెన్యూ డివిజన్‌లో అంతమంది ఉంటారు. ఆడపిల్లలు దాదాపు అందరూ బళ్ళో ఉన్నారు. సాయంత్రానికి ఇంటికెళ్ళి అమ్మకు చెప్తారు. హెడ్‌మాస్టరు, సిస్టర్, పంచాయతీ సభ్యుడు ఒకరికొకరు చుట్టాలో, కలిసి చదివినవాళ్ళో అయి ఉంటారు. నలభై ఊళ్ళు తిరగాల్సిన ఏఎన్ఎమ్‌కు ఈ పద్ధతి యథాతథంగా పనికిరాదు.

కానీ ఆయన చెప్పిన చిన్న చిన్న పనులు ఏ ఊళ్ళోనైనా చేయొచ్చు. పిల్లలు ఖాళీ కడుపుతో రాకుండా చూశారు. సూది వేసే గదిని వరసలో నిలబడినవాళ్ళకు కనపడకుండా ఎంచుకున్నారు. వేయించుకున్నవాళ్ళు ఏడుస్తూ అదే వరస పక్కనుంచి వెనక్కి రాకుండా వేరే తలుపు పెట్టారు. వేశాక పావుగంటకు పైగా కూర్చోబెట్టారు. ఈ వయసు పిల్లల్లో ఒకరు కళ్ళు తిరిగి పడితే భయంతోనే ఇంకో నలుగురు పడతారు. అది టీకా విషం కాదు, భయం. కానీ బయట ఎవరైనా వీడియో తీస్తే అదే వార్తవుతుంది. ఒక మగ టీచరుకు ఆ రోజంతా ఒకే పని, గేటు దగ్గర నిలబడి వచ్చిన తల్లిదండ్రులను లోపలికి తీసుకురావడం. “గేటు మూయొద్దన్నాను” అన్నాడాయన. “మూసిన గేటు వెనక ఏం జరిగినా జనానికి అనుమానమే.”

నమ్మకం ఎంత త్వరగా పోతుందో జపాన్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడ ఈ టీకా వేయించుకునే పిల్లలు నూటికి డెబ్బై మంది దాకా ఉండేవారు. దుష్ఫలితాల వార్తలు వచ్చి, 2013లో ప్రభుత్వం ‘వేయించుకోండి’ అని చెప్పడం మానేసింది. కొద్ది ఏళ్ళలో ఆ సంఖ్య నూటికి ఒకరికన్నా తక్కువకు పడిపోయింది. 2022లో మళ్ళీ చెప్పడం మొదలుపెట్టారు. డబ్బు, డాక్టర్లు, చదువు అన్నీ ఉన్న దేశమది.

ఇటు సిక్కిం పక్కనే ఉన్న భూటాన్ 2010లోనే దేశమంతా ఈ టీకా మొదలుపెట్టింది. ఖమ్మంలో ఆగిపోయిన అదే ఏడాది. నామ్చి పైన సామ్‌ద్రుప్‌త్సే కొండ మీద 118 అడుగుల గురు పద్మసంభవుడి విగ్రహం దగ్గర నిలబడితే చుట్టూ కొండల మీద కొండలు. ఏ వరస సిక్కిం, ఏ వరస బెంగాల్, ఏది నేపాల్ అని ఆ హెడ్‌మాస్టరు వేలుపెట్టి చూపించాడు. నాకు తేడా తెలియలేదు.

సిక్కిం కథ 2019లో ముగిసిపోలేదు. పెద్ద ఉద్యమంలా వేయడం ఒక ఎత్తు, ఏటేటా వేయడం ఇంకో ఎత్తు అని తేమీ సిస్టర్ ముందే చెప్పింది. అప్పుడు రేడియోలో వచ్చేది, మంత్రులు మాట్లాడేవారు, బడి మొత్తం ఒకే పని మీద ఉండేది. ఇప్పుడు తొమ్మిదేళ్ళు నిండిన పిల్లలు ప్రతి క్లాసులో కొందరే. మీటింగు పెట్టేంత జనం ఉండరు. అప్పటి తల్లులు అడిగిన ప్రశ్నలు ఇప్పటి తల్లులు అడగలేదు, వాళ్ళకూ ఎవరో ఒకరు మళ్ళీ మొదటి నుంచీ చెప్పాలి. “ఒకసారి ఒప్పించాం కదా అని ఊరుకుంటే, ఒప్పించింది ఆ తల్లులనే, వీళ్ళను కాదు” అంది.

ఒకటి మాత్రం తేలికైంది. ఒక్క డోసు కూడా చాలినంత రక్షణ ఇస్తుందని 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆరు నెలలకు మళ్ళీ పిల్లలను వెతికి పట్టుకునే పని తప్పుతుంది. పుణెలోని సీరం సంస్థ సొంతంగా తయారుచేసిన హెచ్‌పీవీ టీకా సర్వావాక్ 2023లో వచ్చింది. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం చెప్పింది. మందు దొరుకుతుంది, ధర దిగుతుంది, డోసు తగ్గింది. మిగిలింది నలభై మంది తల్లిదండ్రులను ఒక మధ్యాహ్నం బడి అరుగు మీద కూర్చోబెట్టడం. దానికయ్యే ఖర్చులు చిన్నవి. మీటింగుకు టీ ఖర్చు, కూలి మానుకుని వచ్చినవాళ్ళకు ఆ పూట కూలి, గూడెం దాకా వెళ్ళడానికి బండి, కోయ భాషలో చెప్పగల మనిషికి రోజు భత్యం. లెక్క వేస్తే పిసరంత. భద్రాచలంలో ఆ పిసరు మిగుల్చుకున్నందుకే అంతా పోయింది. ఇప్పుడు ఆశ్రమ పాఠశాలల దాకా ఈ టీకా మళ్ళీ వస్తే, ముందు వెళ్ళాల్సింది వార్డెన్ గదికి కాదు. సెలవుల్లో పిల్లలు ఇళ్ళకు వెళ్ళినప్పుడు, వాళ్ళ వెనకే గూడేనికి.

రావంగ్లాలో చివరి రాత్రి మా వదిన ఫోన్ చేసింది. అన్నయ్య వాళ్ళుండేది కొత్తగూడెం పక్క ఊళ్ళో. మేనకోడలికి తొమ్మిదేళ్ళు నిండి రెండు నెలలైంది. ఇక్కడ నేను విన్నదంతా ఉత్సాహంగా చెప్పాను. వైరస్ రకాలు, నూటికి తొంభై ఐదు, జపాన్, భూటాన్ ఏదీ వదల్లేదు. నిపుణుల సంఘం ఏం తేల్చిందో కూడా చెప్పాను. ఆమె మధ్యలో ఊఁ కొడుతూనే ఉంది. 2010లో ఆ టీవీ వార్తలు చూసినప్పుడు ఆమెకింకా పెళ్ళి కాలేదు. వాళ్ళ మేనమామ కూతురు ఆ హాస్టళ్ళలో ఒకదాంట్లో చదివేది.

“అంతా బానే ఉంది గానీ,” అంది చివరికి, “నువ్వు హైదరాబాదులో ఉంటవ్. పిల్లకు రేపు ఏమన్నయితే నువ్వొస్తవా? మా నర్సమ్మను అడుగుత. ఆమె తన బిడ్డకు ఏయించిందో లేదో ముందు కనుక్కుంట. అప్పుడు చెప్త.”

వారం తర్వాత నేనే ఫోన్ చేశాను. నర్సమ్మ తన బిడ్డ సంగతి చెప్పిందట. అడగాల్సినవి ఇంకా మూడున్నాయట, అన్నయ్య కూడా ఉన్నప్పుడు ఆదివారం ఇంటికి రమ్మని పిలిచిందట. “నువ్వేం తొందర పెట్టకు” అంది వదిన. పెట్టలేదు.